సందేహానికి టెర్మిన్ ఇద్దాం



మన సంఘంలో పాడగలిగినవాళ్ళు, బొమ్మలు వేయగలిగినవాళ్ళు, కథలు చెప్పగలిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. పండుగ కార్యక్రమాలకు పేర్లు అడిగినప్పుడు మాత్రం వినబడే జవాబులు నాలుగైదే. "అదంతా పెళ్ళికి ముందండీ, ఇప్పుడు గొంతు లేదు." "నా తెలుగు ఇప్పుడు అంతంతమాత్రం." "నాకంటే బాగా పాడేవాళ్ళు ఉన్నారుగా, వాళ్ళను అడగండి." "కాస్త ప్రాక్టీసు చేసి వచ్చే ఏడాది చూస్తాను."

వినడానికి ఇవి వినయం మాటల్లా ఉంటాయి. కొన్ని నిజంగానే వినయం. కానీ ఏడాది తర్వాత ఏడాది అదే జవాబు వస్తుంటే, దాని వెనక ఉన్నది వినయం కాదు, తన మీద తనకు సందేహం.

దీనివల్ల నష్టం ఒక్కరికే పరిమితం కాదు. మన ఊళ్ళో అయితే మనం పాడటం మానేసినా పక్కింటి పిన్నిగారు పాడతారు, గుడి మైకులో పాట వస్తుంది, పిల్లల చెవిన ఎలాగో పడుతుంది. ఇక్కడ అలా కాదు. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న మంగళహారతి మన ఇంట్లో ఆగిపోతే అక్కడితో ఆగిపోయినట్టే. పైగా అమ్మానాన్నలు ఏదైనా కొత్తగా ప్రయత్నించడం, తప్పులు చేయడం, మళ్ళీ చేయడం పిల్లలు ఎప్పుడూ చూడకపోతే, పాటా బొమ్మా కథా అన్నీ ఫోనులోంచి తయారై వచ్చే వస్తువులనే అనుకుంటారు.

ఈ సందేహాన్ని పూర్తిగా వెళ్ళగొట్టడం ఎవరివల్లా కాదు, ఆ అవసరం కూడా లేదు. జర్మనీలో ఏ ఆఫీసుకు వెళ్ళినా మనకు చెప్పే మాటే దానికీ చెప్పాలి: ముందు టెర్మిన్ తీసుకో, నీ వంతు వచ్చినప్పుడు రా.

తలుపు దగ్గర కూర్చున్న పరీక్షాధికారి

ఈ సందేహం ఎలా పనిచేస్తుందో మనందరికీ జర్మన్ భాష దగ్గరే అనుభవం. బేకరీలో నిలబడతాం. కావలసిన మాట తెలుసు. కానీ నోరు తెరవకముందే లోపల పరీక్ష మొదలవుతుంది: దీనికి డేరా, డీయా, దాసా? అది తేలేలోపు వెనక క్యూ పెరుగుతుంది, వేలితో చూపించి బయటపడతాం. కీటాకు వెళ్ళే నాలుగేళ్ళ పిల్లాడికి మనకున్నంత వ్యాకరణం తెలియదు. అయినా ఆరు నెలల్లో గలగలా మాట్లాడతాడు. వాడు తప్పులు మాట్లాడతాడు, విని దిద్దుకుంటాడు. మనం మాట్లాడకముందే దిద్దుకోబోతాం. దిద్దడానికి అక్కడ ఇంకా మాటే లేదు.

జర్మన్ కవి షిల్లర్ ఈ సంగతిని 1788 డిసెంబరు 1న రాసిన ఒక ఉత్తరంలో వివరించాడు. డ్రెస్డెన్‌లో ఉన్న మిత్రుడు కోర్నర్, తన చేత ఏమీ కొత్తగా రాయడం కావడం లేదని వాపోయాడు. షిల్లర్ సమాధానం సారాంశం ఇది: నీ బుద్ధి ద్వారం దగ్గర కాపలా కూర్చుని, వచ్చే ప్రతి ఆలోచననూ లోపలికి రాకముందే సోదా చేస్తోంది. ఒక్కటిగా చూస్తే పనికిమాలినదిగా కనిపించే ఆలోచన, తర్వాత వచ్చేదానితో కలిసినప్పుడు విలువైనది కావచ్చు. కాబట్టి ముందు కాపలా సడలించు, అన్నిటినీ లోపలికి రానివ్వు, ఆ తర్వాత మొత్తం గుంపును ఒకేసారి పరిశీలించు. ఈ ఉత్తరాన్నే తర్వాతి కాలంలో ఫ్రాయిడ్ కలల మీద రాసిన తన పుస్తకంలో ప్రస్తావించాడు.

ఆధునిక పరిశోధనలు కూడా ఈ దిశగానే చూపిస్తున్నాయి. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త టెరెసా అమాబిలే 1979లో ప్రచురించిన ప్రయోగంలో, చేసిన పనికి తీర్పు ఇస్తారని ముందే తెలిసినవాళ్ళ బొమ్మల్లో సృజన తగ్గినట్టు కనిపించింది. 2008లో చార్లెస్ లిమ్, ఆలెన్ బ్రాన్ అనే పరిశోధకులు ఆరుగురు జాజ్ పియానో కళాకారుల మెదడును స్కానర్‌లో పరిశీలించారు. అప్పటికప్పుడు కల్పించి వాయిస్తున్నప్పుడు, తమను తాము గమనించుకుని అదుపు చేసుకోవడంలో పాత్ర ఉందని భావించే భాగాల్లో చురుకుదనం తగ్గింది. ఆరుగురితో చేసిన చిన్న అధ్యయనం కాబట్టి దానిమీద పెద్ద సిద్ధాంతం కట్టలేం. కానీ షిల్లర్ చెప్పిన కాపలా మాటకు ఇది దగ్గరగానే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. మా దగ్గర రాయడం, రివ్యూ చేయడం రెండు వేర్వేరు పనులు. కోడ్ రాశాకే రివ్యూకి పంపుతారు. ఒక్క లైను కూడా రాయకముందే రివ్యూ మొదలుపెడితే ఏ ప్రాజెక్టూ కదలదు. ఇంట్లో పాట దగ్గర, కథ దగ్గర మనం చేస్తున్నది సరిగ్గా అదే.

సందేహాన్ని ముందే రాసి పక్కన పెట్టిన మొల్ల

మన భాషలో ఈ విషయానికి నాకు కనిపించే గొప్ప ఉదాహరణ ఆతుకూరి మొల్ల. కుమ్మరి మొల్ల అని మనం పిలుచుకునే కవయిత్రి, 16వ శతాబ్దానికి చెందినదని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రామాయణం రాయబోతూ పీఠికలోనే ఆమె తనకు వ్యాకరణం, ఛందస్సు, అలంకార శాస్త్రాల్లో పాండిత్యం లేదని చెప్పుకుంది. గోపవరం శ్రీకంఠ మల్లేశ్వరుడి దయవల్ల కవిత్వం అబ్బిందని అంది.

ఆ రోజుల్లో చదువుకునే అవకాశం, సభల్లో కూర్చునే అవకాశం ఎవరికి ఉండేవో మనకు తెలిసిందే. మనలో ఎవరికైనా "నాకు అర్హత లేదేమో" అనే మాట వచ్చిందంటే, ఆమెకు అంతకు పదింతలు వచ్చి ఉండాలి. ఆ మాటను ఆమె దాచలేదు, దానితో వాదనకూ దిగలేదు. మొదటి పేజీల్లోనే రాసేసి, తర్వాతి పేజీకి వెళ్ళి కథ మొదలుపెట్టింది.

అంతేకాదు, తనకు లేనిదాన్ని చెప్పాక, తనకు ఏది కావాలో కూడా చెప్పింది. తేనె తగలగానే నోరు తీయనైనట్టు, చదవగానే అర్థం తోచాలని, అర్థంకాని పదాలతో రాస్తే అది మూగవాడికీ చెవిటివాడికీ మధ్య జరిగే సంభాషణలా ఉంటుందని ఆమె భావం. అంటే పెద్ద పండితుల కొలతతో తనను కొలుచుకోలేదు, తన పనికి తనదైన కొలత పెట్టుకుంది. అందుకే ఆ రామాయణం ఇప్పటికీ సులువుగా చదివించే పుస్తకంగా నిలిచింది.

"ఇదివరకే ఎంతోమంది చేశారు, మళ్ళీ నేనెందుకు" అనే సందేహానికి విశ్వనాథ సత్యనారాయణ గారు సమాధానం చెప్పారు. రామాయణ కల్పవృక్షం మొదట్లో, మళ్ళీ రామాయణం ఎందుకని తానే ప్రశ్న వేసుకుని, లోకమంతా రోజూ తినే అన్నమే తింటోంది కదా, ఎవరి రుచి వారిదే అనే అర్థం వచ్చేలా చెప్పారు. ఆయనకు జ్ఞానపీఠం లభించింది, 1970 సంవత్సరానికి గాను. తెలుగుకు వచ్చిన మొదటి జ్ఞానపీఠం అదే. మనం పాడబోయే కీర్తనను బాలమురళీకృష్ణ గారు ఇదివరకే పాడారు, నిజమే. మన పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పాడింది మాత్రం ఆయన కాదు.

అన్నమయ్య లెక్క

మంచి ఊహ తట్టాకే మొదలుపెడతాం అనేది ఇంకో అడ్డంకి. దీనికి అన్నమయ్య జీవితంలో ఒక చిన్న లెక్క ఉంది. రాగిరేకుల మీది రాతను బట్టి ఆయన సంకీర్తనలు చెప్పడం మొదలుపెట్టింది 1424లో, ఆయన కాలం చేసింది 1503లో. మొత్తం 79 ఏళ్ళు, అంటే దాదాపు 28,800 రోజులు. ఆయన చెప్పిన సంకీర్తనలు 32 వేలని మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతుంది. భాగించి చూస్తే రోజుకు ఒకటి కంటే కాస్త ఎక్కువ. రోజుకు ఒక్క సంకీర్తనకు తక్కువ కాకుండా చెప్పాలన్నది ఆయన నియమమని సంప్రదాయంలో చెప్పుకునే మాటకు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి చూడండి. వాటిలో మనకు దొరికినవి 12 వేలకు పైగా. మనలో శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళకు కూడా వచ్చినవి యాభయ్యో వందో. మనం నిత్యం పాడుకునేవి పదో పదిహేనో. అంతటి మహానుభావుడు కూడా ఈ రోజు చెప్పబోయేది జనం ఆరు వందల ఏళ్ళు పాడుకునే పాటా కాదా అని తేల్చుకుని మొదలుపెట్టలేదు. ఆ రోజుకు ఆ రోజు పని ఉంది, చేశాడు. ఏది నిలుస్తుందో కాలం చూసుకుంది.

భక్తి విషయంలో ఆయనతో పోల్చుకోవడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ పద్ధతి అందరిదీ. రోజుకు ఒకటి అని నియమం పెట్టుకున్నప్పుడు, ఏ ఒక్కదాని మీదా జీవితమంతటి బరువు పడదు. పదేళ్ళకు ఒక పాట పాడేవాళ్ళకు ఆ ఒక్క పాట పరీక్ష అవుతుంది. రోజూ పాడేవాళ్ళకు ఈ రోజు బాగా రాకపోతే రేపు ఉంది.

బ్రామ్స్‌కు పట్టిన ఇరవై ఏళ్ళు

పెద్దవాళ్ళకు ఇలాంటి ఇబ్బందులు ఉండవని అనుకుంటాం. మనం ఉంటున్న దేశంలోనే దీనికి జవాబు ఉంది. హాంబుర్గ్‌లో పుట్టిన యొహానెస్ బ్రామ్స్‌కు ఇరవై ఏళ్ళ వయసులో, 1853లో, అప్పటి ప్రముఖ స్వరకర్త రాబర్ట్ షూమన్ ఒక పత్రికలో వ్యాసం రాసి, రాబోయే కాలపు మహా స్వరకర్త ఇతడేనన్నట్టు పొగిడాడు. పొగడ్త కూడా బరువే. బీథోవెన్ తర్వాత సింఫొనీ రాసి నిలబడటం ఎలా అన్నది బ్రామ్స్‌ను పట్టిన భయం. మొదటి సింఫొనీకి ఇరవైల్లోనే పూనుకున్న మనిషి, అది పూర్తిచేసి వినిపించేసరికి నలభై మూడేళ్ళవాడయ్యాడు. 1876 నవంబరు 4న కార్ల్స్‌రూహెలో దాని మొదటి కచేరీ జరిగింది.

ఆ ఇరవై ఏళ్ళూ ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సింఫొనీ తలుపు తెరుచుకోకపోతే పక్క తలుపులు తెరిచాడు. సెరెనాడ్లు రాశాడు. మొదటి పియానో కాన్చెర్టో 1859లో లైప్‌త్సిష్‌లో వాయిస్తే జనం హేళన చేశారు, అయినా ఆగలేదు. 1868లో బ్రెమెన్‌లో వినిపించిన జర్మన్ రెక్వియెమ్‌తో పేరు వచ్చింది. 1873లో హైడన్ పేరుతో ఉన్న వేరియేషన్స్ రాసి, పెద్ద ఆర్కెస్ట్రాతో చేయి తిప్పుకున్నాడు. ఆ తర్వాతే సింఫొనీ.

నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఆ తర్వాత జరిగిన సంగతి. మొదటి సింఫొనీకి ఇరవై ఏళ్ళు పడితే, రెండోది మరుసటి ఏడాదే, 1877 డిసెంబరులో వియన్నాలో వినిపించాడు. ఒక్క ఏడాదిలో ప్రతిభ ఇరవై రెట్లు పెరగదు కదా. లోటు ప్రతిభలో ఉండి ఉంటే రెండోదానికీ అంతే కాలం పట్టేది. ఆలస్యమంతా ఆ మొదటి గడప దగ్గరే.

సందేహం వంతు ఎప్పుడు వస్తుంది

ఇదంతా విని సందేహం వట్టి శత్రువని అనుకోకూడదు. గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శించారు, 1897లో పుస్తకంగా వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉంటే మంచి నాటకంగా మిగిలేది. ఆయన దాన్ని మళ్ళీ పట్టుకుని, దాదాపు కొత్త నాటకమా అన్నట్టు తిరగరాసి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఈ రోజు మనం కన్యాశుల్కం అని తలుచుకునేది ఆ రెండో కూర్పునే. "ఇది చాలదు" అనే మాట అక్కడ పనికొచ్చింది. ఎందుకంటే అది చెప్పేనాటికి చేతిలో ఒక నాటకం ఉంది.

కాబట్టి సందేహానికి కుర్చీ వేయాలి, కానీ పని చేతిలోకి వచ్చాకే. వారంలో ఆరు రోజులు చేయడం, ఏడో రోజు చూసుకోవడం అని పెట్టుకోండి. ఆదివారం ఇక్కడ దుకాణాలు మూసే ఉంటాయి, వారంలో పాడిన రికార్డింగులు హెడ్‌ఫోన్ పెట్టుకుని వినడానికి, రాసిన పేజీలు చదవడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఆ రోజు సందేహం అడగదగిన ప్రశ్నలు మూడే. ఏది బాగా వచ్చింది? ఎక్కడ తడబడింది? వచ్చే వారం ఒక్కటి మారిస్తే ఏది మార్చాలి? "నీకు రాదు" అనేది ప్రశ్న కాదు, దానికి జవాబు చెప్పనక్కర్లేదు. కోడ్ రివ్యూలో కూడా ఫలానా లైనులో ఫలానా లోపం అని చూపించాలి. రాసినవాడు పనికిరాడు అని రాస్తే అది రివ్యూ అనిపించుకోదు.

మొదట ఎవరికి చూపించాలి

కిష్కింధకాండ చివర సముద్రపు ఒడ్డున వానరులు ఒక్కొక్కరూ తాము ఎంత దూరం దూకగలరో చెబుతారు. ఒకరు పది యోజనాలు, ఒకరు ఇరవై, ఇలా పెరుగుతూ పోతుంది. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మౌనంగా కూర్చుని ఉంటాడు. ఎవరైనా గుర్తుచేస్తేగాని తన బలం తనకు తెలియదనే శాపం ఆయనకు ఉందని ఉత్తరకాండ చెబుతుంది. జాంబవంతుడు ఆయన దగ్గరకు వెళ్ళి కొత్త విద్య ఏదీ నేర్పలేదు. నువ్వెవరో, చిన్నప్పుడు ఏం చేశావో గుర్తుచేశాడు, అంతే.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకు మొదట కావలసింది జాంబవంతుడు. తప్పులు పట్టేవాళ్ళు తర్వాత ఎలాగూ దొరుకుతారు. బ్రామ్స్ తన సింఫొనీ మొదటి భాగాన్ని 1862లోనే, పూర్తికాకముందే, క్లారా షూమన్‌కు పంపాడు. మీరు కూడా మొదటి పాటను వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి పంపకండి. ఒక్కరికి పంపండి. మీ చిన్నప్పటి పాట విన్న అక్కయ్యకో, మీ కాలేజీ మ్యాగజైనులో మీ కథ చదివిన స్నేహితుడికో.

పిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. పిల్లలు తెలుగులో ఒక వాక్యం మొదలుపెట్టగానే "అలా కాదు, ఇలా అనాలి" అని మధ్యలో ఆపితే, వాళ్ళ తలుపు దగ్గర కాపలా కూర్చోబెట్టేది మనమే. వాక్యం పూర్తి కానివ్వండి. మీ జవాబులో సరైన మాట వాడండి. వాళ్ళే పట్టుకుంటారు, కీటాలో జర్మన్ పట్టుకున్నట్టే.

మన ఇళ్ళలో మొదలుపెట్టాలంటే

సమయం తక్కువగానే పెట్టుకోండి. రోజూ ఇరవై నిమిషాలు, ఒకే వేళకు. రాత్రి పిల్లలు పడుకున్నాక కావచ్చు, ఎస్-బాన్‌లో ఆఫీసుకు వెళ్ళే దారిలో నోటుబుక్కులో కావచ్చు. ఇరవై నిమిషాలు కాగానే ఆపేయండి, బాగా వస్తున్నా సరే. రేపు కూర్చోవడానికి మనసు తానే లాగుతుంది.

అపార్ట్‌మెంటులో పాడితే పక్కవాళ్ళు ఏమనుకుంటారో అనే భయం చాలామందిని ఆపేస్తోంది. ఆగ్స్‌బుర్గ్‌కు చెందిన ఒక ట్రంపెట్ కళాకారుడి కేసులో 2018 అక్టోబరు 26న, కార్ల్స్‌రూహెలో ఉన్న ఫెడరల్ కోర్టు, ఇంట్లో సంగీతం సాధన చేయడాన్ని పూర్తిగా నిషేధించలేరని తీర్పు ఇచ్చింది. మామూలు రోజుల్లో రెండు మూడు గంటలు, ఆదివారాలూ సెలవుల్లో ఒకటి రెండు గంటలు అనేది కోర్టు చెప్పిన సుమారు కొలత. మధ్యాహ్నం, రాత్రి నిశ్శబ్ద వేళలు పాటించాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు తమ ఒప్పందం, హౌస్‌ఓర్డ్‌నుంగ్ ఒకసారి చదువుకోవాలి. ట్రంపెట్‌కే అంత చోటు ఉంటే, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని పాడే ఇరవై నిమిషాలకు జంకనక్కర్లేదు. ముందుగా పక్కింటివాళ్ళకు ఒక మాట చెప్పి, నాలుగు లడ్డూలు ఇస్తే ఇంకా మంచిది.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్ళు మీ ఊరి ఫోల్క్స్‌హోఖ్‌షూలె పట్టిక చూడండి. బొమ్మలు, కుండలు చేయడం, ఫోటోగ్రఫీ, కుట్టుపని వంటివి పెద్దవాళ్ళకు అందుబాటు ఫీజులకే నేర్పుతారు. అక్కడ అందరూ మొదటి మెట్టు మీదే ఉంటారు, సిగ్గుపడే పని ఉండదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. పాట మీద మాత్రమే కాక, వారాల తరబడి దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం, తాను దేనికీ పనికిరాననే ఆలోచన వదలకపోవడం ఉంటే, అది ఈ వ్యాసంలో చెప్పిన సందేహం కాదు. మీ హౌస్‌ఆర్ట్స్‌తో మాట్లాడండి. 116117 నంబరు ద్వారా సైకోథెరపిస్టు దగ్గర మొదటి సంప్రదింపుకు టెర్మిన్ ఇప్పిస్తారు. అలాంటప్పుడు సహాయం అడగడంలో చిన్నతనం లేదు.

మిగిలిన మనందరి కోసం ఒక విన్నపం. వచ్చే మూడు నెలల్లో రోజుకు ఇరవై నిమిషాలు ఏదో ఒకటి చేయండి. పాటైనా, పద్యమైనా, అమ్మమ్మ చెప్పిన కథను రాసిపెట్టడమైనా సరే. వచ్చే సంచికలో సభ్యుల కోసం ఒక పేజీ ఖాళీగా ఉంచమని సంపాదక బృందాన్ని అడుగుతున్నాను. దానికి మీరు పంపేది గొప్పగా ఉండాలని లేదు, పూర్తయి ఉంటే చాలు. పంపే ముందు "ఇది బాగుందా" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది. దాన్ని ఆదివారం రమ్మనండి.